ఎక్స్‌రేలో మచ్చ, చట్టంలో నష్టం



మీరు ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నారనుకోండి. ఊపిరితిత్తులను కప్పి ఉండే పొర మీద అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు ఉన్నాయని రిపోర్టులో రాసి ఉంది. మీకు దగ్గు లేదు, ఆయాసం లేదు. మూడంతస్తులు మెట్లెక్కినా అలుపు రాదు. అయితే, పాతికేళ్ళ క్రితం మీరు పనిచేసిన కర్మాగారంలో యజమాని తగిన జాగ్రత్తలు తీసుకోకపోవడం వల్లనే ఆ మచ్చలు ఏర్పడ్డాయని తేలింది. ఇప్పుడు మీకు హాని జరిగినట్టా, జరగనట్టా?

ఈ ప్రశ్నను వైద్యుడు ఒక రకంగా, రోగి ఇంకొక రకంగా, న్యాయమూర్తి మరొక రకంగా అర్థం చేసుకుంటారు. శరీరంలో మార్పు వచ్చిందా అని వైద్యుడు చూస్తాడు. రేపు తనకేమవుతుందోనని రోగి భయపడతాడు. ఈ మనిషి పరిస్థితి మునుపటి కంటే దిగజారిందా అని న్యాయస్థానం విచారిస్తుంది. మూడూ ఒకే శరీరానికి సంబంధించిన ప్రశ్నలే గాని, మూడింటికీ జవాబు ఒకటి కాదు. ఆ తేడా తెలియక అనవసరంగా ఆశపడినవారినీ, అందవలసిన పరిహారాన్ని వదులుకున్నవారినీ ఛాతీ వ్యాధుల వైద్యుడిగా నేను చాలామందిని చూశాను. అందుకే ఈసారి మందుల గురించి గాక, నిర్లక్ష్యానికి సంబంధించిన చట్టం దేనిని శరీర నష్టంగా పరిగణిస్తుందో వివరించాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. తీర్పులను శ్రద్ధగా చదివిన వైద్యుడిని మాత్రమే. మీ సొంత వ్యవహారానికి న్యాయవాది సలహా తీసుకోవడం తప్పనిసరి.

నిర్లక్ష్యం ఒక్కటే చాలదు

ఒకరి నిర్లక్ష్యం కారణంగా నష్టపరిహారం కోరాలంటే మూడు అంశాలు రుజువు కావాలి. మన పట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత ఎదుటివారికి ఉండాలి. ఆ బాధ్యతను వారు ఉల్లంఘించి ఉండాలి. ఆ ఉల్లంఘన ఫలితంగా మనకు నష్టం కలిగి ఉండాలి. వైద్యుల నిర్లక్ష్యాన్ని గురించి 2005లో ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పులో మన సుప్రీంకోర్టు కూడా ఈ మూడింటినే చెప్పింది.

మూడవ అంశాన్ని సామాన్యంగా ఎవరూ పట్టించుకోరు. తప్పు జరిగిందని తెలియగానే పరిహారం వస్తుందని అనుకుంటారు. ఒక ఉదాహరణ చూడండి. వార్డులో ఒక రోగికి ఇవ్వవలసిన మాత్రను పొరపాటున పక్క మంచం మీది రోగికి ఇచ్చారు. ఆయన అదృష్టం కొద్దీ ఆ మాత్ర వల్ల ఆయనకు ఏమీ కాలేదు. ఇక్కడ బాధ్యత ఉంది, నిర్లక్ష్యమూ ఉంది. ఆసుపత్రి విచారణ జరపవచ్చు, బాధ్యులను మందలించవచ్చు. కాని శరీరానికి నష్టమేమీ జరగలేదు గనుక నిర్లక్ష్యం కింద పరిహారం కోరడానికి ఆధారం ఉండదు.

అన్ని తప్పులకూ ఈ నియమం వర్తించదు. ఒక వ్యక్తి అంగీకారం లేకుండా కావాలని అతని శరీరం మీద చేయి వేస్తే, ఆ పని దానంతట అదే తప్పు. గాయం చూపించనక్కరలేదు. నిర్లక్ష్యం విషయంలో మాత్రం నష్టమే దావాకు పునాది. కాబట్టి నష్టం అంటే ఏమిటనే ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం వచ్చింది.

కాలు విరిగినప్పుడు, కన్ను పోయినప్పుడు ఎవరికీ సందేహం రాదు. దుమ్ము, రసాయనాలు, ధూళి వంటివి శరీరంలో చేరి ఏళ్ళ తరబడి నెమ్మదిగా పనిచేసినప్పుడే చిక్కు వస్తుంది. ఈ చిక్కును లోతుగా తర్కించిన తీర్పులు ఇంగ్లండులో వచ్చాయి. నిర్లక్ష్యానికి సంబంధించిన మన న్యాయసూత్రాలు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే గనుక ఆ తీర్పులు మనకూ దారి చూపుతాయి. వాటిలో మూడింటిని మీ ముందుంచుతాను.

తెలియకుండానే జరిగిపోయిన నష్టం

మొదటిది 1963 నాటిది. పోతపోసిన ఉక్కు భాగాలను నునుపుచేసే కార్మికులు కొందరు ఏళ్ళ తరబడి సిలికా దుమ్మును పీల్చారు. ఆ దుమ్మును బయటకు లాగే ఏర్పాట్లు యజమానులు సరిగా చేయలేదు. కార్మికులకు ఊపిరితిత్తుల్లో మచ్చలు పడే జబ్బు వచ్చింది. వారు 1956లో దావా వేశారు. అప్పటి చట్టం ప్రకారం నష్టం జరిగిన ఆరేళ్ళలోపు దావా వేయాలి. జబ్బు ఉందని తెలియక ముందే ఆ ఆరేళ్ళూ గడిచిపోయాయి.

ఈ జబ్బు నడకను కొంచెం వివరించాలి. మనం కూర్చున్నప్పుడు, మెల్లగా నడిచేటప్పుడు ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యంలో కొంత భాగాన్నే వాడుకుంటాం. మిగిలినది నిల్వగా ఉంటుంది. సిలికా రేణువులు లోపలికి వెళ్ళి మచ్చలు పెట్టినప్పుడు మొదట తరిగేది ఈ నిల్వే. అందువల్ల మనిషికి చాలాకాలం వరకు ఏమీ తెలియదు. బరువు మోసినప్పుడో, న్యుమోనియా వచ్చినప్పుడో ఆ నిల్వ అవసరమవుతుంది. అప్పటికది ఉండదు. పని మానేసిన తరువాత కూడా ఈ జబ్బు ముదరవచ్చు.

హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ వైద్య సత్యాన్ని అంగీకరించింది. మనిషికి తెలియకపోయినా, లక్షణాలు కనబడకపోయినా, ఊపిరితిత్తులకు చెప్పుకోదగిన హాని జరిగితే అది నష్టమేనని తేల్చింది. కార్మికులకు ఇది అనుకూలమైన మాటలా వినిపిస్తుంది. కాని అదే వారిని ఓడించింది. నష్టం ఎప్పుడో జరిగిపోయింది గనుక దావా గడువు కూడా ఎప్పుడో మొదలై ముగిసిపోయిందనీ, దావాకు కాలదోషం పట్టిందనీ తీర్పు వచ్చింది. తనకు జబ్బు ఉందని తెలియని మనిషి దావా ఎలా వేస్తాడని మీరు అడగవచ్చు. ఆ న్యాయమూర్తులకూ అది అన్యాయంగానే తోచింది, కాని అప్పటి చట్టం వారికి వేరే దారి ఇవ్వలేదు. బ్రిటిష్ పార్లమెంటు అదే సంవత్సరం చట్టాన్ని సవరించింది. ఇప్పుడు అక్కడ శరీర నష్టానికి సంబంధించిన దావాలకు గడువు మూడేళ్ళు. నష్టం సంగతి తెలిసిన నాటినుంచి కూడా ఆ మూడేళ్ళను లెక్కించవచ్చు.

నష్టం ఎంత తొందరగా జరిగినట్టు ఒప్పుకుంటే దావా గడువు అంత తొందరగా మొదలవుతుందన్న సంగతి ఈ తీర్పునుంచి గుర్తుపెట్టుకోవాలి. నష్టానికి విశాలమైన నిర్వచనం ఇస్తే కార్మికుడికి ఎల్లప్పుడూ మేలే జరుగుతుందని అనుకోవడానికి వీలులేదు.

మచ్చ ఉంది, నష్టం లేదు

రెండవ తీర్పు 2007 అక్టోబరులో వచ్చింది. నేను మొదట అడిగిన ప్రశ్న ఈ కేసులోదే. ఆస్బెస్టాస్‌ను మన భాషలో రాతినార అంటారు. దాని ధూళిని పీల్చినవారిలో, సాధారణంగా ఇరవై ఏళ్ళు గడిచిన తరువాత, ఛాతీ గోడకు లోపలివైపున ఉండే ప్లూరా అనే పొర మీద గట్టి మచ్చలు ఏర్పడతాయి. వీటిని ప్లూరల్ ప్లాక్‌లు అంటాం. వీటివల్ల సాధారణంగా ఏ బాధా ఉండదు. ఇవి క్యాన్సరుగా మారవు. ఇతర జబ్బులకు దారి తీయవు. అయితే ఆ మనిషి రాతినార ధూళి పీల్చాడని చెప్పే గుర్తులుగా ఉంటాయి. ఆ ధూళి వల్ల ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, మీసోథీలియోమా అనే ప్రాణాంతకమైన పొర క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. ప్రమాదానికి కారణం లోపలికి వెళ్ళిన ధూళి. మచ్చలు ఆ ధూళికి సాక్ష్యం మాత్రమే. ఈ భేదం మీదే తీర్పంతా నిలబడింది.

1980లనుంచి సుమారు ఇరవై ఏళ్ళపాటు ఇంగ్లండులోని కోర్టులు ఈ మచ్చలున్నవారికి పరిహారం ఇస్తూ వచ్చాయి. తరువాత బీమా సంస్థలు సవాలు చేశాయి. కార్మికుల తరఫువారు చేసిన వాదన ఇది: మచ్చ ఒక్కటే చిన్నది కావచ్చు, కాని మచ్చ, రేపు జబ్బు వస్తుందేమోనన్న ప్రమాదం, ఆ సంగతి తెలిసిన మనిషి పడే ఆందోళన, ఈ మూడూ కలిపితే పరిహారానికి తగిన నష్టమవుతుంది.

ఐదుగురు న్యాయమూర్తులూ ఈ వాదనను తిరస్కరించారు. ప్రధానమైన తీర్పు రాసిన లార్డ్ హాఫ్‌మన్ చెప్పినదాని సారాంశం ఇది. శరీరంలో మార్పు వచ్చినంత మాత్రాన నష్టం కలిగినట్టు కాదు. ఆ మార్పు వల్ల మనిషి చెప్పుకోదగినంతగా మునుపటి కంటే అధ్వాన్న స్థితికి చేరాలి. ఈ మచ్చలు మనిషి చేసే ఏ పనికీ అడ్డు రావు, బయటికి వికారంగా కనిపించవు, మరొక జబ్బును తీసుకురావు. రేపటి ప్రమాదం ఒక్కటే అయితే దానికి పరిహారం లేదు. ఆందోళన ఒక్కటే అయితే దానికీ లేదు. విడివిడిగా లెక్కకు రానివి కలిపినా లెక్కకు రావు. సున్నాకు సున్నా కలిపితే సున్నాయే కదా.

కార్మికులలో ఒకరికి మచ్చల సంగతి తెలిసిన తరువాత వైద్యపరంగా గుర్తించదగిన కుంగుబాటు వచ్చింది. మానసిక వ్యాధిని కూడా చట్టం నష్టంగానే చూస్తుంది. కాని సాధారణమైన మనోధైర్యం ఉన్న ఉద్యోగి ఇలాంటి వార్త విని వ్యాధిగ్రస్తుడవుతాడని యజమాని ముందుగా ఊహించగలడని చెప్పలేమని ఆయన దావాను కూడా కొట్టివేశారు. అయితే ఈ తీర్పు అన్ని తలుపులనూ మూసివేయలేదు. రేపు ఆ కార్మికులలో ఎవరికైనా మీసోథీలియోమా వంటి జబ్బు నిజంగా వస్తే అప్పుడు దావా వేసే హక్కు వారికి ఉంటుంది.

ఈ తీర్పు మీద బ్రిటన్‌లో పెద్ద దుమారం రేగింది. స్కాట్లండ్ పార్లమెంటు 2009లో ఒక చట్టం చేసి, ప్లూరల్ ప్లాక్‌లను తమ దేశంలో పరిహారానికి అర్హమైన నష్టంగా ప్రకటించింది. బీమా సంస్థలు దానిని సవాలు చేస్తే 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఉత్తర ఐర్లండ్ కూడా 2011లో అలాంటి చట్టమే చేసింది. ఇంగ్లండు, వేల్సులలో చట్టం మారలేదు. అయితే తీర్పుకు ముందే దావా వేసి, ఆ తీర్పు వల్ల నష్టపోయినవారికి ఒక్కొక్కరికి 5,000 పౌండ్లు ఇస్తామని 2010లో ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఒకే మచ్చ గ్లాస్గోలో నష్టం, లండన్‌లో కాదు. నష్టమనేది ఎక్స్‌రే ఫిల్ములో కనిపించే వస్తువు కాదనీ, సమాజం తీసుకునే నిర్ణయమనీ చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు కనబడలేదు.

ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న

సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, మోకాలి ఆపరేషనుకు ముందు ఛాతీ పరీక్ష కోసం నా దగ్గరికి వచ్చారు. ఎక్స్‌రేలో ఈ మచ్చలు కనిపించాయి. ఊపిరి పరీక్ష చేయించాను. ఆయన వయసుకు ఉండవలసినంత బాగా ఉంది. సంగతి వివరించాను. ఆయన కొడుకు వెంటనే పరిహారం గురించి అడిగాడు. పెద్దాయన మాత్రం, "ఇంతకీ నాకు జబ్బున్నట్టా, లేనట్టా, డాక్టరు గారూ?" అన్నారు.

"ఈ మచ్చలు జబ్బు కాదండీ. కాని ఆ దుమ్ము మీ లోపలికి పోయిందని ఇవి చెబుతున్నాయి. అందుకని బీడీ మానెయ్యాలి. ఏడాదికోసారి వచ్చి కనపడాలి" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకుని, "నా పక్క మెషీను మీద చేసినాయన ఆయాసంతోనే పోయాడండీ" అన్నారు.

ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు. రాతినార ధూళి పీల్చినవారు పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని ఆయనకు, ఆయన కొడుక్కు విడమరచి చెప్పాను. ఆయన తరువాత ఏటా వచ్చేవారు. 2007 తీర్పును చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తారు. తర్కపరంగా ఆ తీర్పులో తప్పు పట్టలేను. మచ్చ ప్రమాదానికి కారణం కాదన్న మాట వైద్యపరంగా కూడా సరైనదే. కాని పరిహారం ఇవ్వదగిన నష్టం లేదని కోర్టు అన్నంత మాత్రాన ఆ మనిషికి ఏమీ జరగలేదని మనం అర్థం చేసుకోకూడదు. కోర్టు ఆ మాట అనలేదు కూడా. చట్టం ఇచ్చే జవాబు డబ్బు చెల్లించాలా వద్దా అన్న ప్రశ్నకు మాత్రమే. ఆ మనిషిని ఎవరు కనిపెట్టి ఉండాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసినవాళ్ళం వైద్యులమూ, యజమానులూ, ప్రభుత్వమూ.

మచ్చ లేదు, నష్టం ఉంది

మూడవ తీర్పు దీనికి అచ్చంగా ఎదురు అన్నట్టు ఉంటుంది. ఇది 2018 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చినది. కార్ల పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లను జాన్సన్ మాథీ అనే సంస్థ తయారుచేస్తుంది. అందులో ప్లాటినం లవణాలు వాడతారు. కర్మాగారాన్ని సరిగా శుభ్రపరచకపోవడం వల్ల కొందరు కార్మికులు ఆ లవణాలకు ఎక్కువగా గురయ్యారు. చర్మం మీద చుక్క వేసి సూదితో గిచ్చి చేసే పరీక్షలో, వారి శరీరం ప్లాటినం లవణాలకు వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుందని తేలింది. దీనిని సెన్సిటైజేషన్ అంటాం. అంటే శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని సిద్ధంగా ఉండడం.

ఈ స్థితిలో మనిషికి ఏ లక్షణమూ ఉండదు. తుమ్ము లేదు, దురద లేదు, పిల్లికూతలు లేవు. ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. కాని ఆ లవణాలకు మళ్ళీ గురైతే అలర్జీ మొదలై కళ్ళ వెంట, ముక్కు వెంట నీరు కారడం, చర్మం మండడం, ఉబ్బసం రావడం జరగవచ్చు. అందువల్ల సంస్థ వారిని ఆ పనిలో కొనసాగనివ్వలేదు. నేర్చుకున్న పనికి దూరమై వారు ఆదాయం కోల్పోయారు.

కింది కోర్టులు రెండూ వారి దావాను తిరస్కరించాయి. లక్షణాలు లేవు గనుక శరీర నష్టం లేదనీ, జరిగినది కేవలం డబ్బు నష్టమేననీ, అలాంటి నష్టానికి ఇక్కడ పరిహారం ఇవ్వలేమనీ అన్నాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. తీర్పు రాసిన లేడీ బ్లాక్ ప్రతిరక్షకాలు కంటికి కనిపిస్తాయా, మనిషికి తెలుస్తాయా అని చూడలేదు. ఆ మార్పు వల్ల మనిషి శరీరం ఏ పనికి అశక్తమైందని చూశారు. వారి శరీరాలు ఇదివరకు ఆ వాతావరణంలో పనిచేయగలిగేవి. ఇప్పుడు చేయలేవు. ఇది శరీర సామర్థ్యంలో వచ్చిన లోటు. అందువల్ల ఇది శరీర నష్టమే.

మన ఇళ్ళలోని ఉదాహరణ చెబుతాను. బేకరీలో ఇరవై ఏళ్ళుగా పిండి కలిపే మనిషికి గోధుమపిండి ధూళి పడకుండా అయిందనుకోండి. ఇంట్లో ఉన్నంతసేపూ అతను ఆరోగ్యవంతుడే. బేకరీలో అడుగుపెడితే ఊపిరాడదు. "పిండికి దూరంగా ఉంటే నీకేమీ కాదు కదా" అని మనం తేలిగ్గా అనేస్తాం. కాని అతనికి తెలిసిన పని అదొక్కటే. అలాంటప్పుడు అతని శరీరానికి ఏమీ కాలేదనడం సబబేనా?

2007 తీర్పునూ 2018 తీర్పునూ పక్కపక్కన పెట్టి చూస్తే సూత్రం తేటపడుతుంది. ఒకచోట ఫిల్ము మీద మచ్చ స్పష్టంగా కనిపించింది, జీవితంలో ఏదీ మారలేదు. ఇంకొకచోట ఫిల్ము మీద ఏమీ లేదు, జీవనాధారం పోయింది. చట్టం మొదటిదాన్ని నష్టం కాదంది, రెండవదాన్ని నష్టమంది. లక్షణాలు ఉన్నాయా లేవా అన్నది ఒక్కటే కొలత కాదు. 1963 కేసులో కూడా మొదట్లో లక్షణాలు లేవు, అయినా నిల్వ సామర్థ్యం తరిగింది గనుక అది నష్టమైంది. అంటే ఏం మారిందన్నదానికంటే, ఆ మార్పు వల్ల మనిషి ఇప్పుడు ఏం చేయలేకపోతున్నాడన్నది ముఖ్యం.

మన దేశంలో

మన కోర్టులు కూడా లక్షణాలు లేనివారి సంగతిని పట్టించుకోకుండా లేవు. భోపాల్ విషవాయు దుర్ఘటన మీద 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, వాయువు పీల్చినా అప్పటికి ఏ లక్షణాలూ కనబడనివారి గురించి ప్రత్యేకంగా ఆలోచించింది. వారికి రేపు జబ్బు వస్తే ఆదుకునేందుకు బీమా ఏర్పాటు చేయాలనీ, ఆ ప్రజల ఆరోగ్యాన్ని కొన్నేళ్ళపాటు గమనిస్తూ ఉండాలనీ ఆదేశించింది. నష్టం జరిగిందా లేదా అన్న ప్రశ్న తేలేవరకు మనుషులను గాలికి వదిలేయకుండా చేసిన ఆలోచన ఇది.

రాతినార కార్మికుల గురించి 1995 జనవరిలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఇంకా ముఖ్యమైనది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని అందులో ప్రకటించారు. ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలను అతను ఉద్యోగంలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా విరమించిన తరువాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలన్నారు. పరీక్షలలో జబ్బు నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలన్నారు. ఈ జబ్బులు ఎంత ఆలస్యంగా బయటపడతాయో ఆ న్యాయమూర్తులు గ్రహించారని 40 ఏళ్ళ లెక్కే చెబుతోంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులు ఉండేవి. మన ఊళ్ళలో ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల కప్పులు ఈనాటికీ కనిపిస్తాయి. కాబట్టి ఈ తీర్పు మనకు దూరపు సంగతి కాదు.

గడువు విషయంలో మన సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఒక తీర్పును ప్రతి రోగీ తెలుసుకోవాలి. ఒక మహిళకు 1993లో పిత్తాశయం ఆపరేషను జరిగింది. తరువాత తొమ్మిదేళ్ళపాటు కడుపునొప్పితో నొప్పి మాత్రలు వాడుతూ గడిపారు. 2002లో మళ్ళీ ఆపరేషను చేస్తే కడుపులో గాజుగుడ్డ బయటపడింది. 2004లో ఆమె ఫిర్యాదు చేశారు. నష్టం పైకి తెలియనిదైతే, రోగికి అది తెలిసిన నాటినుంచి, లేదా తగిన శ్రద్ధ వహిస్తే తెలిసి ఉండే నాటినుంచి గడువు లెక్కించాలని కోర్టు చెప్పింది. కాని ఆమెకు ఆపరేషను తరువాత నుంచీ నొప్పి ఉంది గనుక అప్పుడే కారణం వెతికించవలసిందనీ, ఫిర్యాదుకు కాలదోషం పట్టిందనీ తేల్చింది. వినియోగదారుల చట్టం కింద గడువు రెండేళ్ళే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని, దాని మీద ఆధారపడడం మంచిది కాదు.

మీరు చేయవలసినవి

దుమ్ము, రసాయనాలు, పెద్ద శబ్దాల మధ్య పనిచేస్తున్నవారూ, పనిచేసి విరమించినవారూ ఈ కింది సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఎక్కడ, ఎన్నేళ్ళు, ఏ పని చేశారో తప్పకుండా చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. అది చీటీలో రాయించుకోండి. నలభై ఏళ్ళ నాటి ఉద్యోగం నేటి దగ్గుకు కారణం కావచ్చు.

రెండు, పాత ఎక్స్‌రేలు, ఊపిరి పరీక్షల కాగితాలు, వినికిడి పరీక్షల కాగితాలు పారేయకండి. ఈనాటి ఫిల్ము ఒక్కటే ఉంటే మార్పు తెలియదు. మునుపటిది పక్కన ఉంటేనే తెలుస్తుంది. జీతం చీటీలు, గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కార్డు కూడా దాచుకోండి.

మూడు, రిపోర్టులో అర్థంకాని మాట ఉంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇది జబ్బా, లేక గుర్తు మాత్రమేనా? దీనివల్ల నేను ఇప్పుడు చేయలేని పని ఏదైనా ఉందా? ఇకముందు నేను దేనికి దూరంగా ఉండాలి?

నాలుగు, కొత్తగా లక్షణం మొదలైతే తేదీతో సహా రాసి పెట్టుకోండి. నొప్పి మాత్రలతో ఏళ్ళు గడపకండి. ఆరోగ్యానికీ మంచిది కాదు, గడువుకూ మంచిది కాదు.

ఐదు, వృత్తి వల్ల వచ్చే కొన్ని జబ్బులను మన కార్మిక చట్టాలు జాబితాగా పేర్కొన్నాయి. సిలికా, రాతినార ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు వాటిలో ఉన్నాయి. ఈ చట్టాల కింద యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నదే అక్కడ ముఖ్యమైన లెక్క.

నా తోటి వైద్యులకు కూడా ఒక మనవి. రిపోర్టులో "లక్షణాలు లేవు" అని రాసి అక్కడితో ఆపకండి. ఆ మనిషి ఏ పని చేస్తాడో, ఈ మార్పుతో ఆ పని ఇక చేయగలడో లేడో ఒక్క వాక్యం అదనంగా రాయండి. దానికి పట్టేది అర నిమిషం. ప్లాటినం కార్మికులు రెండు కోర్టులలో ఓడి, మూడవ కోర్టులో గెలిచింది సరిగ్గా ఆ వాక్యం మీదే.

మీలో ఎవరైనా ఇలాంటి పనులు చేసి విరమించి ఉంటే, ఈ వారంలో ఒకసారి పాత కాగితాల పెట్టె తెరిచి చూడండి. ఉన్నవాటిని తేదీల వారీగా సర్ది, ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ చోటు చూపించి పెట్టండి.